కోడిపిల్ల చెవి, మనిషి చెవి

2024 జనవరి నెలాఖరున మా లెక్కల మాస్టారు ఒక దినపత్రిక కత్తిరింపు పట్టుకొని మా యింటికి వచ్చారు. పుట్టుచెవుడు గల పిల్లలకు చైనాలోను, అమెరికాలోను జన్యుచికిత్స చేయగా వినికిడి వచ్చిందని అందులోని వార్త. మాస్టారిది పుట్టుచెవుడు కాదు. 1970లలో క్షయ సోకినప్పుడు నెలల తరబడి స్ట్రెప్టోమైసిన్ సూదులు వేయించుకొన్నారు. ప్రాణం నిలిచింది, వినికిడి పోయింది. చెవికి మిషను పెట్టుకొన్నా, ఎదుటివారి పెదవుల కదలిక చూసి సగం, ఊహించి సగం అర్థం చేసుకొంటారు. కత్తిరింపు నా చేతిలో పెట్టి, "ఇది మనదాకా వస్తుందంటారా పంతులుగారూ? 2005లో కూడా ఇలాగే ఒకటి వేశారు. అది ఇంకా నా డైరీలో ఉంది" అన్నారు.

జీవితమంతా ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొన్న వాణ్ణి, అప్పటికప్పుడు ఏమని చెప్పగలను? చదివి చెబుతానన్నాను. చదివిన మీదట తేలిందేమంటే, ఆ వార్త వెనుక ఉన్నది ఒక చరిత్ర కాదు, రెండు. పత్రికలవారు రెంటినీ ఒక్కటిగా కలిపి రాస్తున్నారు. చిత్రమేమంటే రెంటికీ పునాది పడింది ఒకే సంవత్సరంలో, 1999లో. వాటిలో ఒకటి పిల్లల చెవులదాకా వచ్చింది. మాస్టారికి కావలసినది రెండవది. ఆయనకు కాగితం మీద రాసి చూపించిన సంగతులే కాస్త విపులంగా ఈ టపాలో చెబుతాను.

ముందు చెవి లోపలి సంగతి. కర్ణభేరి, దాని వెనుక కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనే మూడు చిట్టి ఎముకలు మనం బడిలో చదువుకొన్నవే. ఇవన్నీ ధ్వనిని లోపలికి అందించే పరికరాలు మాత్రమే. అసలు వినడం జరిగేది అంతకంటె లోపల, నత్తగుల్ల ఆకారంలో చుట్టుకొని ఉండే కర్ణావర్తంలో. దానికి పాశ్చాత్యులు పెట్టిన కోక్లియా అన్న పేరుకు లాటిన్‌లో నత్త అనే అర్థం. రెండున్నర చుట్లు. సాగదీస్తే సుమారు 35 మిల్లీమీటర్లు. ఇటలీకి చెందిన అల్ఫోన్సో కోర్టి జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో కోలికర్ పండితుని ప్రయోగశాలలో కూర్చొని, లేత పొరలకు ఎర్రరంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద చూసి, 1851లో దాని లోపలి నిర్మాణాన్ని మొదటిసారి వివరంగా వర్ణించాడు. ఈనాటికీ ఆ భాగాన్ని కోర్టి అంగమనే పిలుస్తారు.

ఆ అంగంలో బారులు తీరి ఉండేవి రోమకణాలు. పేరు చూసి తలవెంట్రుకలతో సంబంధం అనుకోకూడదు. ఒక్కొక్క కణం నెత్తిన అతి సూక్ష్మమైన కుచ్చు ఉంటుంది, అందుకని ఆ పేరు. ధ్వని వల్ల లోపలి ద్రవం కదిలి ఆ కుచ్చు వంగినప్పుడు కణంలో విద్యుత్తు పుడుతుంది. కణం తన అడుగు భాగాన ఉన్న నాడికి ఒక రసాయనాన్ని విడుస్తుంది, నాడి ఆ కబురును మెదడుకు మోస్తుంది. ఒక చెవిలో లోపలి వరుసలో సుమారు 3,500, వెలుపలి వరుసల్లో సుమారు 12,000 రోమకణాలుంటాయి. లోపలివి వినిపించేవి, వెలుపలివి ధ్వనిని పెంచి ఇచ్చేవి. కంటిలో వెలుగును పట్టే కణాలు పది కోట్లకు పైబడి ఉండగా, చెవికి దక్కినది ఒక మేజరు పంచాయతీ జనాభా అంత. జీవితకాలమంతా వాటితోనే గడుపుకోవాలి. పెద్ద చప్పుళ్లు, వయస్సు, కొన్ని మందులు, ఒక్కొక్కటిగా ఆ జనాభాను తగ్గిస్తూనే ఉంటాయి. పోయినది తిరిగి మొలవదు.

సంస్కృతంలో 'శ్రు' ధాతువు నుండే శ్రుతి, శ్రోత, శ్రవణం వచ్చాయని చాలామందికి తెలుసు. శుశ్రూష కూడా దానినుండే వచ్చింది. వినగోరుట దాని మొదటి అర్థం. సేవ అన్న అర్థం ఆ తరువాతిది. చెవిటివారి పక్కన కూర్చొని మాట్లాడేటప్పుడు ఈ మాట నాకు తరచు గుర్తుకు వస్తుంది. వినాలని కోరిక ఉంది, వినే కణం లేదు.

ఇక మాస్టారి చెవిని తిన్న మందు. స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో అమెరికాలోని రట్‌గర్స్‌లో, వాక్స్‌మన్ ప్రయోగశాలలో, ఆల్బర్ట్ షాట్జ్ అనే విద్యార్థి మట్టిలోని సూక్ష్మజీవినుండి వేరు చేశాడు. 1952లో నోబెల్ బహుమానం వాక్స్‌మన్ ఒక్కనికే ఇచ్చారు. శిష్యునికి దక్కనిది గురువుకు దక్కడం ఉపాధ్యాయుడినైన నాకు ఈనాటికీ మింగుడు పడదు, అది వేరే కథ. క్షయను జయించిన మొదటి మందు అది. కాని వాడకం మొదలైన కొద్ది కాలానికే రోగులకు తల తిరగడం, నడకలో తూలడం, కొందరికి చెవుడు రావడం వైద్యుల కంటబడింది. ఈ జాతి మందులు రోమకణాల లోపలికి దూరి వాటిని చంపుతాయి. 1957లో జపానులో ఉమెజావా కనుగొన్న కనామైసిన్ చెవి విషయంలో మరింత కఠినమైనది. మొండి క్షయకు దానిని దశాబ్దాలపాటు వాడారు. ఇక వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో గాని చెప్పలేదు. ఈ కనామైసిన్ పేరు గుర్తుంచుకోండి. ముందుముందు మరొక పాత్రలో కనిపిస్తుంది.

పోయిన రోమకణం మళ్లీ రాదన్నది 1980ల మధ్యదాకా వైద్యశాస్త్రంలో తిరుగులేని మాట. చేపలకు జీవితాంతం కొత్తవి పుడుతూనే ఉంటాయని తెలుసు. సొరచేప జాతులలో అవి పెరుగుతూ పోవడాన్ని జెఫ్రీ కార్విన్ 1981లోనే చూపించాడు. కాని వెచ్చని నెత్తురు గల జంతువులకు ఆ భాగ్యం లేదనుకొన్నారు. ఆ నమ్మకాన్ని చెడగొట్టినది కోడిపిల్ల.

1987లో డగ్లస్ కొటాంచ్ కోడిపిల్లలకు పెద్ద ధ్వని వినిపించి, వాటి చెవుల్లో రోమకణాలు ఎలా చస్తాయో చూడబోయాడు. చచ్చిన చోట కొన్ని రోజుల్లో చిన్న చిన్న కుచ్చులతో కొత్త కణాలు కనిపించాయి. అదే సంవత్సరం ఎడ్విన్ రూబెల్ బృందంలో క్రూజ్ అనే యువవైద్యుడు కోడిపిల్లలకు జెంటమైసిన్ ఇచ్చి, రోజులు గడిచేకొద్దీ మిగిలిన కణాలను లెక్కపెడుతున్నాడు. లెక్క తగ్గుతూ పోవాలి గదా, పెరుగుతూ వచ్చింది. మొదట ఎవరైనా లెక్క తప్పిందనే అంటారు. తప్పు లెక్కలో లేదు, పుస్తకాల్లో ఉంది. 1988లో సైన్స్ పత్రికలో రెండు వ్యాసాలు ఒకే సంచికలో వెలువడ్డాయి. ఒకటి కార్విన్, కొటాంచ్‌లది, కోడిపిల్లల మీద. రెండవది రయల్స్, రూబెల్‌లది, కౌజుపిట్టల మీద. అణుధార్మిక గుర్తు గల పదార్థాన్ని పక్షులకు ఇచ్చి, కొత్త కణాలు నిజంగా విభజనవల్లనే పుట్టినవని ఇరువురూ నిరూపించారు.

ఎక్కడినుండి పుట్టాయి? రోమకణాల చుట్టూ, అడుగునా ఆధారకణాలు ఉంటాయి. పందిరి రాటల వలె నిలబెట్టడమే వాటి పని అనుకొనేవారు. పక్షిలో రోమకణం చావగానే ఆధారకణం మేలుకొంటుంది. కొన్ని రెండుగా చీలి ఒకటి రోమకణమవుతుంది. కొన్ని చీలకుండానే తామే రోమకణాలుగా మారిపోతాయి. మనిషి చెవిలోనూ ఆధారకణాలున్నాయి. కాని మేలుకోవు. 1993లో గినీ పందుల చెవిలోని సమతౌల్యం చూసే భాగంలోను, శస్త్రచికిత్సలో తీసిన మనుషుల కణజాలంలోను కొద్దిపాటి పునరుత్పత్తి కనిపించింది. అయితే అది నడకను నిలబెట్టే భాగం. మాటను వినే కర్ణావర్తంలో ఆ కొద్దిపాటి కూడా లేదు.

మేలుకొలపడానికి మంత్రమేమిటన్నది తరువాతి ప్రశ్న. సమాధానం ఈగల దగ్గర దొరికింది. 1993లో కాలిఫోర్నియాలో జార్మన్, జాన్ దంపతులు మొదలైనవారు పండ్లఈగలో ఒక జన్యువును కనుగొన్నారు. అది లేని ఈగకు కదలికనూ ధ్వనినీ పసిగట్టే ఒక రకం అంగాలు ఏర్పడవు. కనుక దానికి ఎటోనల్ అని పేరు పెట్టారు. స్వరం లేనిది అని అర్థం. అటువంటి జన్యువే ఎలుకలోనూ ఉంది, మనిషిలోనూ ఉంది. ఎలుకదానిని మ్యాథ్1 అన్నారు, తరువాత ఎటోహ్1 అన్న పేరు స్థిరపడింది.

1999లో హ్యూస్టన్ నగరంలో హుదా జోగ్బీ బృందం ఈ జన్యువు లేని చిట్టెలుకలను పుట్టించి చూసింది. వాటి చెవుల్లో ఒక్క రోమకణమైనా లేదు. మరుసటి ఏడు జెంగ్, గావో అనే శాస్త్రవేత్తలు ఎదురు ప్రశ్న వేశారు. లేకపోతే కణం పుట్టదు సరే, ఎక్కువ ఇస్తే? ఎలుకపిల్లల కర్ణావర్తాన్ని గాజుపాత్రలో పెంచి అందులో ఈ జన్యువును చొప్పించగా, ఉండకూడని చోట కూడా రోమకణాలు మొలిచాయి. ఒక్క జన్యువు చాలు, ఆధారకణానికి రూపం మారుతుంది. ఆ రోజుల్లో ఈ రంగంలోని వారికి ఎంత ఉత్సాహం కలిగి ఉంటుందో ఊహించవచ్చు.

బ్రతికి ఉన్న జంతువు చెవిలోకి జన్యువును తీసికొనిపోయేది ఎవరు? వైరసు. జలుబు తెచ్చే ఎడినోవైరసుకు కణంలోకి దూరి తన జన్యువులను వదలడమే వృత్తి. దానిలో సంతానాన్ని పెంచుకొనే జన్యువులను తీసివేసి, ఆ ఖాళీలో మనకు కావలసిన దానిని కూర్చి పంపితే, తపాలా బంట్రోతు మాదిరి ఇచ్చి ఊరుకొంటుంది. అయితే ఈ బంట్రోతు పేరు వినగానే అప్పట్లో అందరికీ గుండె ఝల్లుమనేది. ఆ 1999లోనే, సెప్టెంబరులో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కాలేయవ్యాధికి ఎడినోవైరసుతో జన్యుచికిత్స పొందిన 18 ఏళ్ల యువకుడు, శరీరం ఆ వైరసు మీద తిరగబడడంతో నాలుగు రోజుల్లో మరణించాడు. జన్యుచికిత్స రంగమంతా ఏళ్ల తరబడి ఆ నీడలోనే నడిచింది. చెవి చిన్నది, చుట్టూ ఎముకతో మూసి ఉన్నది, అక్కడ వేసే మోతాదు బిందుప్రాయం అన్నదే చెవి శాస్త్రవేత్తలకు ధైర్యం.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో యెహోవాష్ రఫేల్ బృందం ఆ ధైర్యం చేసింది. 2003లో ఎదిగిన గినీ పందుల చెవుల్లో ఈ వైరసు ద్వారా కొత్త రోమకణాలను పుట్టించారు. 2005లో ఇజుమికావా మొదలైనవారు అసలు పరీక్ష చేశారు. ముందుగా గినీ పందులను చెవిటివాటిని చేయాలి. దేనితో చేశారు? కనామైసిన్‌తో, తోడుగా మరొక మందు కలిపి. క్షయరోగుల చెవులు దేనివల్ల పోయాయో ఆ కుటుంబపు మందే. తరువాత ఒక చెవిలో వైరసును ఎక్కించారు. కొన్ని వారాలకు ఆ చెవిలో రోమకణాలు కనిపించాయి. ధ్వనికి మెదడునుండి వచ్చే ప్రతిస్పందన కూడా కొంత మెరుగుపడింది. నేచర్ మెడిసిన్‌లో వచ్చిన ఆ వ్యాసం ప్రపంచమంతటి పత్రికలకూ పాకింది. మాస్టారి డైరీలోనిది అదే.

పత్రికలకు ఎక్కనిది ఆ తరువాతి భాగం. 2008లో అదే బృందం మరొక వ్యాసం రాసింది. చెవుడు వచ్చి చాలాకాలమైతే, లేక దెబ్బ తీవ్రమైనదైతే, రోమకణాలతోపాటు ఆధారకణాలు కూడా తమ ఆకృతి కోల్పోయి నేలబారున పలకలాగా మిగిలిపోతాయి. అటువంటి చెవిలో అదే జన్యువును వేస్తే ఏమీ మొలవలేదు. తమ సొంత విజయానికి హద్దు తామే గీసి చూపడం శాస్త్రవేత్తల గొప్పతనం. కాని ఆ హద్దుకు అవతల నిలబడి ఉన్నది ఎవరు? ముప్ఫై నలభై ఏళ్లుగా చెవుడు అనుభవిస్తున్న మాస్టారి వంటివారే. మరికొన్ని ప్రయోగశాలల్లో ఎదిగిన జంతువులకు కణాలైతే వచ్చాయి గాని అవి పరిణతి చెందలేదు. కుచ్చు సరిగా లేదు, నాడితో పొత్తు కుదరలేదు, వినికిడి రాలేదు.

అయినా మనుషుల మీద పరీక్ష జరిగింది. 2014లో నోవార్టిస్ సంస్థ, తీవ్రమైన చెవుడు గల పెద్దవారికి, ఎడినోవైరసులో ఎటోహ్1ను కూర్చి, కర్ణాంతరాస్థి పాదంలో చిన్న రంధ్రం చేసి లోపలికి ఎక్కించే ప్రయోగం మొదలుపెట్టింది. కాన్సాస్ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రంలో మొదటి రోగికి ఇచ్చారు. మనిషి చెవిలో రోమకణాలను తిరిగి మొలిపించడానికి జరిగిన మొట్టమొదటి జన్యుచికిత్స అది. ఆరంభానికి వచ్చిన శీర్షికలు ముగింపుకు రాలేదు. ఆశించిన వినికిడి రాలేదు, చికిత్స అక్కడితో ఆగింది. వైరసు లేకుండా మందు చుక్కలతోనే ఆధారకణాలను లేపుదామని మరి ఇద్దరు ముగ్గురు ప్రయత్నించారు. లండన్‌లో జరిగిన రీగెయిన్ పరీక్ష తన ముఖ్యలక్ష్యాన్ని అందుకోలేదు. ఫ్రీక్వెన్సీ థెరప్యూటిక్స్ అనే అమెరికా కంపెనీ 2023 ఫిబ్రవరిలో ఓటమి ఒప్పుకొని తన మందును విరమించుకొన్నది.

ఇది మొదటి చరిత్ర. ఇక మాస్టారు తెచ్చిన వార్త వెనుక ఉన్న రెండవది.

1999లోనే, పారిస్ పాశ్చర్ సంస్థలో క్రిస్టీన్ పెటీ బృందం, పుట్టుచెవుడు గల కొన్ని లెబనాన్ కుటుంబాలను పరిశీలించి ఓటీఓఎఫ్ అనే జన్యువులో దోషాన్ని పట్టుకొన్నది. (పైన చెప్పిన హుదా జోగ్బీ కూడా లెబనాన్‌లో పుట్టిన ఆవిడే. యాదృచ్ఛికమే గాని చెప్పకుండా ఉండలేకపోయాను.) ఈ జన్యువు ఓటోఫెర్లిన్ అనే ప్రోటీనును తయారుచేస్తుంది. రోమకణం నాడికి రసాయనం విడవాలంటే అది కావాలి. అది లేని పిల్లల చెవిలో రోమకణాలు పుడతాయి, కుచ్చు వంగుతుంది, విద్యుత్తు పుడుతుంది, కాని కబురు బయటికి పోదు. కణం విన్నది, చెప్పలేకపోయింది. చెవుడు అనడంకంటె కణానికి మూగతనం అనడం సరిగా ఉంటుందేమో.

కనుక ఇక్కడ కొత్త కణాన్ని మొలిపించనక్కర లేదు. ఉన్న కణానికి లోపించిన పాఠం అందిస్తే చాలు. అందించడానికి ఎడినోవైరసుకంటె సాత్త్వికమైన మరొక వైరసు ఉంది, ఎడినో అనుబంధ వైరసు అంటారు. దాని సంచి చిన్నది. సుమారు 4,700 అక్షరాలు పడతాయి. ఓటీఓఎఫ్ పాఠానికి సుమారు 6,000 కావాలి. అందుచేత పాఠాన్ని రెండుగా కోసి రెండు వైరసుల్లో పెట్టి, కణం లోపలికి వెళ్లాక అతుక్కొనేటట్లు చేశారు. పద్యాన్ని రెండు తాటాకుల మీద రాసి పంపితే చదువరి జోడించుకొన్నట్లు. 2019లో చిట్టెలుకల్లో ఇది పనిచేసింది. 2022 డిసెంబరులో షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో షు యిలాయ్ బృందం మొదటి బిడ్డకు ఇచ్చింది. ఆరుగురిలో ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024 జనవరిలో లాన్సెట్ ప్రకటించింది. అదే వారంలో ఫిలడెల్ఫియాలోని పిల్లల ఆసుపత్రి, మొరాకోలో పుట్టిన పదకొండేళ్ల బాలునికి వినికిడి వచ్చిందని తెలిపింది. పసితనంలో భాష చెవిన పడనందున అతనికి మాట రావడం కష్టమని కూడా అన్నారు. భాష చెప్పుకొని బ్రతికినవాడిని, ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను.

జన్యుకారణంగా వచ్చే పుట్టుచెవుడులో ఈ ఓటీఓఎఫ్ వాటా 2 నుండి 8 శాతం. మన దేశంలో ఎక్కువగా కనిపించేది జీజేబీ2 అనే మరొక జన్యువులోని దోషం. తల్లి వైపునుండి ఒకటి, తండ్రి వైపునుండి ఒకటి దోషజన్యువు కలిసినప్పుడే ఈ రకం చెవుడు బయటపడుతుంది గనుక, మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో దీనికి అవకాశం ఎక్కువ. అటువంటి పిల్లలకు వినికిడి తెస్తున్నది ఇప్పటికి కాక్లియర్ ఇంప్లాంటే. ఆరోగ్యశ్రీ పథకం కింద ఎందరో తెలుగు పిల్లలకు అది అమరింది. జన్యుచికిత్స వార్త చూసి, ఇంప్లాంటును వాయిదా వేసి కూర్చొనే తల్లిదండ్రులు ఉంటారేమోనని నాకు భయం. పిల్ల చెవిలో ఉన్నది ఏ జన్యుదోషమో తెలియకుండా అలా కూర్చొంటే, ఆ మొరాకో బాలుని వలె భాష నేర్చే వయస్సు దాటిపోతుంది.

రెండు చరిత్రలూ ఒకచోట కలుస్తాయి. షు యిలాయ్, బోస్టన్‌లోని జెంగ్‌యీ చెన్‌తో కలిసి, 2019లో ఎదిగిన చిట్టెలుకల కర్ణావర్తంలో రెండు జన్యువులను కొద్దికాలం మేలుకొలిపి, ఆధారకణాలను లేత వయస్సుకు మళ్లించి, ఆ మీదట ఎటోహ్1 ఇచ్చి రోమకణాల వంటివి పుట్టించారు. ఒక్క జన్యువు చాలదన్న సంగతి ఇప్పుడు అందరూ ఒప్పుకొన్నారు. 2022లో షికాగో దగ్గరి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో గార్సియా-అన్యోవెరోస్ బృందం, పుట్టే రోమకణం లోపలి వరుసదో వెలుపలి వరుసదో నిర్ణయించేది టీబీఎక్స్2 అనే జన్యువని చూపింది. వంటకు కావలసిన దినుసులు ఒక్కొక్కటిగా తెలుస్తున్నాయి. వంట ఇంకా ఎలుకల పొయ్యి మీదనే ఉంది.

ఇదంతా రాసిన కాగితాలు మాస్టారు నిదానంగా చదివారు. లెక్కల మనిషి కనుక ఒకచోట వేలు పెట్టి ఆగారు. "ఆ పిల్లలకు కణాలు ఉన్నాయి, చెప్పలేకపోతున్నాయి. నాకు కణాలే లేవు. అంతేనా?" అన్నారు. అంతేనని తల ఊపాను. "కోడిపిల్లకు వారంలో వచ్చేది మనకెందుకు రాదు?" అని అడిగారు. పాలిచ్చే జంతువుల కర్ణావర్తంలో కణాల అమరిక మరీ నాజూకైనదని, మధ్యలో కొత్తవి చీలి పుడితే ఆ వరుస చెడుతుందని, అందుకే ప్రకృతి ఆధారకణాలకు తాళం వేసి ఉంటుందని కొందరి ఊహ. ఊహ అని కింద గీత గీసి మరీ రాశాను.

కత్తిరింపు తిరిగి ఇవ్వబోతే, దాని అంచున పెన్సిలుతో తేదీ, ఓటీఓఎఫ్ అనీ రాయమన్నారు. రాసి ఇచ్చాను. 2005 నాటి దాని పక్కన పెట్టుకొంటానని తీసుకొని వెళ్లారు.